బాలింత గదికి వెచ్చని నేల

ఏడాది పొడుగునా చెమటలు పట్టే సింగపూర్లో నేలను వేడి చేసుకోవడానికి కరెంటు తీగలు వేయించుకున్న ఇల్లు ఒకటుందంటే మీలో ఎవరూ నమ్మరు. నేను ఉద్యోగం చేసిన పద్దెనిమిదేళ్ళ నాలుగు నెలల్లో అలాంటి పని ఒక్కటే వచ్చింది. 1999 అక్టోబరు 19న మొదలై నవంబరు 23న ముగిసింది. ముప్పై ఆరు రోజులు. ఆ ముప్పై ఆరు రోజుల మధ్యలో, నేను ఒక కాగితం మీద రాసిన ఒక్క వాక్యం వల్ల ఒక తాపీమేస్త్రీ ఉద్యోగం పోయి స్వదేశం విమానం ఎక్కే పరిస్థితి వచ్చింది. ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో ఇప్పుడు ఎలక్ట్రికల్ పనుల్లోకి వస్తున్న పిల్లలకు చెప్పాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాయను. అందరూ ఎవరి మానాన వాళ్ళు బతుకుతున్నారు.

నేను కాకినాడలో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చాను. 1986 జూన్ 2, సోమవారం, ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర చేరాను. పద్నాలుగు మంది మనుషులు, రెండు వ్యాన్లు. బొమ్మలు గీయడం, పని అయ్యాక మీటర్లతో పరీక్షించడం, అంకెలు రాసి సంతకం పెట్టడం నా పని. యజమాని అరవై దాటిన చైనీయుడు. ఇక్కడి అలవాటు ప్రకారం అందరూ ఆయన్ని ‘తౌకే’ అనేవాళ్ళు. నేనూ అలాగే అనేదాన్ని. ఇక్కడివాళ్ళందరిలాగే మాట చివర ‘లా’ తగిలించడం ఆయన అలవాటు, మన ‘లే’ లాగా.

చేరిన కొత్తలో ఒక సంగతి జరిగింది. ఒక సైటులో ఒక తెలుగు కూలీ కనిపిస్తే సంతోషం పట్టలేక పావుగంట మన భాషలో మాట్లాడాను. అక్కడి ఫోర్‌మాన్ తౌకే దగ్గరికి వెళ్ళి, “వాళ్ళిద్దరూ ఏదో కూడబలుక్కుంటున్నారు, మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు” అన్నాడు. వారం తిరక్కుండా ఆ కూలీని ఇంకో చోటికి పంపేశారు. ఆ రోజే ఒక నియమం పెట్టుకున్నాను: సైటులో ఇంగ్లిషు తప్ప ఇంకో భాష మాట్లాడకూడదు. పదమూడేళ్ళు పాటించాను. గర్వంగానే పాటించాను.

1999లో మా ఆఫీసుకు ఊపిరి సలపలేదు. ఎక్కడ చూసినా కంప్యూటర్లే. ఒక్కో ఆఫీసు ఆ మిషన్ల కోసం ఒక గదిని ఐస్‌పెట్టెలా మార్చుకునేది. వాటికి వైరింగు మేమే చేసేవాళ్ళం. సెప్టెంబరు చివర్లో ఒక తెలుగు కుర్రవాడు ఆఫీసుకు వచ్చాడు. ముప్పై మూడేళ్ళు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రెండువేల సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాములు తేదీలు తప్పు చదవకుండా సరిచేసే పని. బెడోక్‌లో ఐదో అంతస్తులో సొంత ఫ్లాటు. వచ్చి కూర్చుని, పడకగదిలో నేల వెచ్చగా ఉండేలా తీగలు పరవాలన్నాడు.

తౌకే పెద్దగా నవ్వాడు. “ఇక్కడ జనం చల్లగా ఉండడానికి డబ్బు తగలేస్తారు. నువ్వు వేడికి తగలేస్తావా? బాల్కనీలో పడుకో లా, ఫ్రీ!”

కుర్రవాడు సిగ్గుపడుతూ చెప్పాడు. భార్యకు డిసెంబరు 4న రెండో కాన్పు. మొదటి కాన్పు ఇక్కడే జరిగింది. అప్పుడు చల్లని టైల్స్ మీద నడిచినందుకే తన కూతురికి ఏడాదిపాటు అరికాళ్ళ పోట్లు వచ్చాయని అతని అత్తగారి నమ్మకం. ఈసారి పురిటికి వస్తూ ఆవిడ ముందే ఫోనులో చెప్పేసింది: మంచం కింద కుంపటి పెట్టాల్సిందే. కూతురేమో ఏసీ లేకపోతే ఒక్క పూట ఉండలేనంటోంది.

“తలుపులన్నీ మూసి, ఏసీ వేసి, లోపల నిప్పులు పెడితే ఏమవుతుంది ఆంటీ? నేను కొరియాలో ఆరు నెలలు ప్రాజెక్టులో ఉన్నాను. అక్కడ ఇళ్ళల్లో నేలే వెచ్చగా ఉంటుంది. పైన ఏసీ, కింద వెచ్చదనం. ఇద్దరికీ సరిపోతుంది.”

తౌకే నవ్వు ఆపాడు. బాలింత అనగానే ఆయనకు అర్థమైపోయింది. వాళ్ళల్లోనూ పురిటి నెల చలి తగలనివ్వరు, తల తడపనివ్వరు. “మా ఆవిడకి మా అమ్మ నెలంతా సాక్స్ విప్పనివ్వలేదు” అని, నా వైపు తిరిగి, “మేడమ్, చెయ్యి” అన్నాడు.

పని ఇలా ఉంటుంది. వల లాంటి గుడ్డకు కుట్టిన వేడి తీగ చాపలా చుట్టి వస్తుంది. పాత నేల మీద పల్చని అట్ట పలకలు అతికించి, వాటి మీద ఆ చాప పరిచి, దాని మీద జిగురు సిమెంటుతో కొత్త టైల్స్ వేస్తారు. చాప చివరి నుంచి వేడెక్కని మామూలు తీగ ఒకటి గోడ మీద ఉండే కంట్రోలు డబ్బాకు వెళ్తుంది. ఆ డబ్బాను నేను గది బయట నడవాలో పెట్టించాను. లోపలి గోడంతా బీరువాలున్నాయి; పైగా పెద్దావిడ మాటిమాటికీ తిప్పకుండా ఉంటుందనుకున్నాను. అందుకని ఆ తీగను గుమ్మం కిందనుంచి గాడి తీసి బయటికి పంపి, తాపీపని మొదలవకముందే గాడిని సిమెంటుతో పూడ్పించాను. ఆ దారి నా ఎంపిక.

మూడుసార్లు పరీక్షించాలి: చాప విప్పినప్పుడు, పరిచాక, టైల్స్ వేశాక. రెండు అంకెలు చూడాలి. ఒకటి తీగ తెగిందా లేదా చెప్పేది. అది అరవై ఆరు ఓమ్‌లు ఉండాలి. రెండోది తీగ పైతొడుగు లోంచి కరెంటు బయటికి కారుతోందా లేదా చెప్పేది. మెగ్గర్ అనే మీటరుతో చూస్తాం. ఆ అంకె ఎంత పెద్దదైతే అంత మంచిది. అక్టోబరు 19న, 28న రెండుసార్లూ ఒకటే రాశాను: అరవై ఆరు పాయింట్ ఒకటి, మెగ్గర్ మీద ఐదు వందల పైన.

నాతో పని చేసిన ఎలక్ట్రీషియను ఇక్కడి మలై జాతి అతను. నాకంటే నాలుగేళ్ళు చిన్న. నన్ను ‘కక్’ అనేవాడు, వాళ్ళ భాషలో అక్క అని. అతని చెయ్యి చాలా నెమ్మది; మనసు అంతకంటే నెమ్మది. ఏం జరిగినా “తా పా, కక్” అనేవాడు, పర్లేదక్కా అని. నాకు అన్నీ పర్లేదు కాదు గనుక మా ఇద్దరికీ బాగా కుదిరింది.

29వ తేదీ, శుక్రవారం పొద్దున్న గదిని తాపీమేస్త్రీకి అప్పగించాం. నలభై దగ్గర పడ్డ మనిషి, సన్నగా, తల మీద కట్టుకున్న తువ్వాలు ఎప్పుడూ తీసేవాడు కాదు. బూన్ లే దగ్గర కూలీల వసతిలో ఉండేవాడు. మా కంపెనీలో చేరి ఎనిమిది నెలలు. శ్రీకాకుళం వైపు మనిషని నాకు అతని కాగితాల వల్ల తెలుసు. నేను తెలుగుదాన్నని అతనికి తెలియదు. నేను చెప్పలేదు. తీగ దారి బొమ్మ కింద జాగ్రత్తలు నాలుగు వాక్యాలు ఇంగ్లిషులో పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించి, వేలితో చూపించి, “ఓకే? అండర్‌స్టాండ్?” అన్నాను. అతను ఆ కాగితాన్ని, నా మొహాన్ని చూసి, “ఓకే మేడమ్” అన్నాడు. కింద సంతకం చేయించుకున్నాను. పద్ధతి ప్రకారం అంతా జరిగింది.

టైల్స్ శనివారానికి అయిపోయాయి. చేతితో తడిమితే ఒక్క అంచు తగల్లేదు. అంత సాఫైన పని ఆ సంవత్సరంలో నేను చూడలేదు. సిమెంటు ఆరడానికి రెండు వారాలు వదిలేసి, నవంబరు 12, శుక్రవారం, మూడో పరీక్షకు వెళ్ళాను.

తలుపు తీసింది అత్తగారు. అక్టోబరు 30న దిగారట. గోదావరి జిల్లా మాట, అరవయ్యేళ్ళు, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని యుద్ధానికి బయల్దేరినట్టున్నారు. మలై తమ్ముడు ఇంకా కింద వ్యాను దగ్గరే ఉన్నాడు; గుమ్మంలో మేమిద్దరం ఆడవాళ్ళమే గనుక నియమం పక్కన పెట్టి తెలుగులోనే మాట్లాడాను.

“నువ్వేనా అమ్మా ఇంజనీరువి? నేల కింద కరెంటు పెట్టావట. నా కూతురు తడికాళ్ళతో వస్తుంది. ఒళ్ళంతా నూనె రాసి, వేడినీళ్ళు పోసి, అలాగే తెచ్చి ఆ గదిలో కూచోబెడతాను. ఏమీ కాదు కదా?”

“అది చూడ్డానికే వచ్చానండీ.”

“చూడు, చూడు. కుంపటైతే చూడక్కర్లేదు. కళ్ళకి కనపడుతుంది.”

మీటరు పెట్టాను. తీగ తెగలేదు, అరవై ఆరు పాయింట్ రెండు. మెగ్గర్ మీద ఐదు వందల పైన ఉండాల్సింది మూడు దగ్గర ఆగింది. బ్యాటరీ మార్చాను. మూడే. గదిలోకీ బయటికీ ఆరుసార్లు తిరిగాను. నేలంతా మోకాళ్ళ మీద వెతికాను. ఎక్కడా పగులు లేదు.

నియమాల పుస్తకం అడిగేదానికంటే మూడు ఎక్కువే. కాగితం మీద అది పాస్. తౌకేకి ఫోను చేస్తే అదే అన్నాడు. “పాస్ అంటే పాస్ లా, మేడమ్. బ్రేకరు ఉంది కదా, లీకైతే అదే పడిపోతుంది.”

“పదిహేను రోజుల్లో ఐదు వందల నుంచి మూడుకు పడింది తౌకే. ఇంకో పదిహేను రోజులకి ఎక్కడుంటుంది? ఆ నేల మీద పసిబిడ్డ ఉంటుంది. నేను సంతకం పెట్టను.”

“పెట్టకపోతే టైల్స్ పగలగొట్టాలి. ఎవడి తప్పుకి?”

ఆ ప్రశ్నకు జవాబు రాయాల్సిన గడి నా ఫారంలోనే ఉంది. కిటికీ మూలలో స్తంభం దగ్గర టైల్స్ చిన్న ముక్కలుగా కోసి వేశారు. ముక్కలు వేసేటప్పుడే తాపీ మొన తీగకు తగలడానికి అవకాశం ఎక్కువ. ఆలోచించి, ‘కారణం’ అన్న చోట ఇలా రాశాను: టైల్స్ వేసేటప్పుడు తాపీ తగిలి ఉండవచ్చు.

‘ఉండవచ్చు’ అన్న మాటను నేను చాలా జాగ్రత్తగా పెట్టాను. తౌకే దాన్ని చదవనే లేదు. సాయంత్రం నా టేబులు దగ్గరికి వచ్చి, “ఆ మేస్త్రీ వర్క్ పర్మిట్ డిసెంబరులో అయిపోతుంది. నేను రెన్యూ చెయ్యను. ఫినిష్” అన్నాడు.

“రుజువు కాలేదు తౌకే.”

“సోమవారం పగలగొట్టు. రుజువవుతుంది.”

శనివారం, 13న, మూడు వారాలు ముందుగా ఆ అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. మంగళవారం పొద్దున్న ఆస్పత్రి నుంచి ఇంటికి పంపిస్తారన్నారు. అంటే మాకున్నది సోమవారం ఒక్కటే. తండ్రికి ఫోను చేసి, పని చేస్తుంది గానీ నాకు నమ్మకం లేదు, కొత్త టైల్స్ పగలగొట్టాలి అని చెప్పాను. కోప్పడతాడనుకున్నాను.

“అర్థమైంది ఆంటీ. ఇవాళ పనిచేస్తుంది, ఒకరోజు చెయ్యదు. అంతే కదా? మా ఆఫీసులో ఏడాదిగా మేమందరం చేస్తున్నది ఇదే. పగలగొట్టెయ్యండి. మా అత్తయ్యకి మాత్రం మీరే చెప్పాలి.”

సోమవారం, 15వ తేదీ, ఎనిమిదింటికి అతను మాకు తాళం ఇచ్చి, అత్తగారిని తీసుకుని ఆస్పత్రికి వెళ్ళిపోయాడు. నేను, మలై తమ్ముడు, మేస్త్రీ మిగిలాం. ఎందుకు పిలిచామో మేస్త్రీకి వ్యానులోనే తెలిసిపోయినట్టుంది. కిటికీ మూల చూపించాను. తను వేసిన టైల్స్‌ను తనే చిన్న ఉలితో, గుడ్డు పెంకు తీస్తున్నట్టు, నలభై నిమిషాలు తీశాడు. రెండు టైల్స్. కింద తీగ ఎలా పరిచామో అలాగే ఉంది. గీత కూడా పడలేదు. తల తువ్వాలు విప్పి, తీగ మీద దుమ్ము తుడిచి, నా వైపు చూశాడు.

“ఓకే మేడమ్?”

లేచి మళ్ళీ మీటరు దగ్గరికి వెళ్ళాను. మెగ్గర్ చూశాను. ఇప్పుడు ఒకటిన్నర. తప్పు ఇక్కడ లేదు, ఇంకెక్కడో ఉంది, పెరుగుతోంది. ఈ మూల కాకపోతే ఇంకో మూల పగలగొట్టాలి. ఎన్ని మూలలు పగలగొట్టినా ఆ ఫారం మీద రాసింది మాత్రం అలాగే ఉంటుంది.

మలై తమ్ముడు కింద టీ, టిఫిన్లు అమ్మే హాకర్ సెంటరు నుంచి మూడు టీలు ప్లాస్టిక్ సంచుల్లో పట్టుకుని వచ్చాడు. గదిలో అడుగు పెడుతూ తూలి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఒక టీ నేలపాలైంది. బొటనవేలు పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతూ అన్నాడు:

“ఏం చెక్క ఇది? శుక్రవారమూ తగిలింది, ఇవాళా తగిలింది. నీకెందుకు తగలదు కక్? నేను చూస్తూనే ఉన్నాను, వచ్చినప్పుడల్లా గుర్రంలా కాలెత్తి దాటుతున్నావు. నీ బొమ్మలో ఈ చెక్క ఎక్కడుంది?”

నేను తిరిగి చూశాను. గుమ్మానికి అడ్డంగా గడప. మూడంగుళాల ఎత్తు చెక్క, నిండా పసుపు, మూడు చోట్ల కుంకుమ బొట్లు, పక్కన వాడిన బంతిపువ్వు.

మీకు ఇది నమ్మశక్యంగా ఉండదు. శుక్రవారం ఆ గదిలోకీ బయటికీ ఆరుసార్లు తిరిగానని నా నోటుపుస్తకంలో నేనే రాసుకున్నాను. మోకాళ్ళ మీద నేలంతా వెతికాను. ఆ గడపను ప్రతిసారీ దాటాను; ఒక్కసారి తొక్కలేదు. కానీ చూడలేదు. పుట్టిన దగ్గర్నుంచి ప్రతి గుమ్మానికీ గడప ఉండడం చూసిన కళ్ళు గనుక అది కొత్తగా వచ్చిన వస్తువని తోచలేదు. ఇక్కడి ఫ్లాట్లలో గదులకు గడపలు ఉండవు. నేను గీసిన బొమ్మలోనూ లేదు. అది ఉన్న చోట, సరిగ్గా దాని కింద, నా తీగ ఉంది.

“ఈ గడప ఎవరు పెట్టారయ్యా ఇక్కడ!” అన్నాను. ఏ భాషలో అన్నానో అన్నాక గానీ తెలియలేదు.

మేస్త్రీ చేతిలో ఉలి కింద పెట్టాడు. “అమ్మా! తవరు తెలుగోలా?”

“అవును.”

“ఎనిమిది నెల్లబట్టీ మలయాళపు మేడమ్మగోరనుకుంతన్నానమ్మా! మావోళ్ళందరికీ అలాగే సెప్పినాను.” ఆ క్షణంలో అతనికి ఉద్యోగం సంగతి గుర్తు లేదు, మొహమంతా నవ్వే. తరవాత గుర్తొచ్చింది. నవ్వు ఆగింది. “ఆ గడప నానే ఎట్టినానమ్మా.”

దాచకుండా ఒప్పుకున్నాడు. ఆదివారం, అక్టోబరు 31న, మిగిలిన సిమెంటు పని చూసుకోవడానికి ఒక్కడే వచ్చాడట. కొత్త నేల పాత నేల కంటే అంగుళం ఎత్తయింది గనుక గుమ్మం దగ్గర అంచు మొండిగా కనబడుతోంది. ముందురోజే దిగిన పెద్దావిడ అది చూసి, “ఇక్కడ గడప పడాల్సిందే నాయనా, నీకు పుణ్యముంటుంది” అన్నారు. అల్లుడి చేత చెక్క తెప్పించారు. పంచాంగం చూసి పదిన్నరకు ముహూర్తం పెట్టారు. ఇతను నాలుగు ఇత్తడి స్క్రూలతో బిగించాడు. ఆవిడ పులిహోర పెట్టారు.

“గోడ మీద కాగితం చూడలేదా?”

“సూసినానమ్మా. బొమ్మ సూసినాను, గీతలున్నాయి. గీత కాడ తీగుంటాదని నాకెవులు సెప్పినారు? ఇంగిలీసు నానేటి సదవగలనమ్మా? తవరు ఓకేనా అన్నారు. ఓకే అనకపోతే పని రాదనుకుంతారని ఓకే అన్నాను.”

ఆ కాగితంలో నాలుగో వాక్యం నేను రాసిందే: గుమ్మం దగ్గర జిగురు మాత్రమే, డ్రిల్ చెయ్యకూడదు. అది చదవగలిగిన నాకు దాని అవసరం లేదు. అవసరమున్న అతను చదవలేడు. మా ఇద్దరి భాషా ఒకటే. నోరు విప్పి ఒక్క నిమిషం చెబితే సరిపోయే మాట అది.

స్క్రూలు విప్పమన్నాను. మొదటిదాని మీద స్క్రూడ్రైవరు పెట్టాడో లేదో, వెనకనుంచి అరుపు.

“ఆగు! ఆగక్కడ!” ఖాళీ కారియరుతో అత్తగారు. “పసుపు రాసిన గడప పీకుతారా? రేపు పిల్లనెత్తుకుని నా కూతురు ఇంట్లోకొస్తుంటే ఇవాళ గడప పీకుతారా? ఏమ్మా, నువ్వు తెలుగుదానివేనా?”

“గడప కింద కరెంటు తీగ ఉందండీ. స్క్రూ దానికి తగిలింది.”

“గడప కింద తీగ ఎవరు పెట్టమన్నారు?”

“నేనే పెట్టాను.”

“గడపుంటుందని తెలీదూ?”

“తెలియాలి. తట్టలేదు.”

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూశారు. నేను తప్పించుకోవడానికి ఏదో అంటానని ఎదురుచూసినట్టున్నారు. తర్వాత మేస్త్రీ వైపు తిరిగారు. “నువ్వేంట్రా అలా నిలబడ్డావు దొంగలా? పెట్టమన్నది నేను. నిన్నెవరన్నా ఏమన్నా అన్నారా?”

అతను తువ్వాలు మళ్ళీ తలకు చుట్టుకున్నాడు. మలై తమ్ముడికి భాష రాకపోయినా సంగతి అర్థమైనట్టుంది. మిగిలిన రెండు టీల్లో ఒకటి పెద్దావిడకు ఇచ్చాడు. ఆవిడ పుచ్చుకుని, తాగుతూ ఆలోచించారు.

“సరే. బాలింత ఇంకా దాటలేదు కాబట్టి దోషం లేదు. తియ్యండి. కానీ సాయంత్రం ఐదు లోపల మళ్ళీ పెట్టాలి, ఇదే చెక్క. ఐదు తర్వాత మంచిది కాదు. ఈసారి దాని కింద దారం పోగు కూడా ఉండకూడదు.”

మొదటి స్క్రూ శుభ్రంగా వచ్చింది. రెండోదీ వచ్చింది. మూడోదాని మొన మీద తీగ తొడుగు పీచు, వెంట్రుకంత రాగి పోగు. ఆవిడ పసుపు రాయడానికి రోజూ గడప కడిగే నీళ్ళు ఆ రంధ్రం వెంట దిగుతున్నాయి. అందుకే అంకె రోజురోజుకూ పడింది. ఇంకొన్ని రోజులు ఆగి ఉంటే ఆ గడప కడిగే చేతికే తెలిసేది.

తర్వాత పని చకచకా సాగింది. దెబ్బతిన్న తీగను గది లోపలే కోసేసి, గోడ వారగా కొత్త గాడిలో తిప్పి, కంట్రోలు డబ్బాను బీరువాకూ తలుపుకూ మధ్య జానెడు ఖాళీలో లోపలే బిగించాం. ప్రతి అడుగూ నేను మేస్త్రీకి తెలుగులో చెప్పాను. చెబుతుంటే అతను రెండుచోట్ల నన్ను ఆపాడు. “అక్కడ ఒద్దమ్మా, బీరువా తలుపు తగుల్తాది” అని ఒకసారి. ఇంకోసారి, “ఇలా ఒంపు తిప్పితే తీగ నలగదు” అని. రెండూ సరైనవే. మూడు గంటల నలభై నిమిషాలకు మెగ్గర్ పెట్టాను. ఐదు వందల పైన. నాలుగున్నరకు గడప తన చోట కూర్చుంది. దాని కింద దారం పోగు లేదు.

కొత్త సిమెంటు గనుక వారం రోజులు వేడి పెట్టకూడదన్నాను.

“అయితే ఆ వారం కుంపటే” అన్నారు అత్తగారు తక్షణం.

అల్లుడు సాయంత్రం వచ్చి, వేడినీళ్ళ రబ్బరు సంచులు నాలుగు కొనుక్కొచ్చి రాజీ కుదిర్చాడు. నేను వ్యాన్ ఎక్కుతుంటే, “డబ్బా లోపలికి వచ్చేసింది ఆంటీ, ఇంక ఆవిడే తిప్పుతారు” అని గొణిగాడు.

మర్నాడు, 16వ తేదీ, తౌకే టేబులు మీద కొత్త ఫారం పెట్టాను. ‘కారణం’ దగ్గర ఇలా రాశాను: తీగ దారి గీసేటప్పుడు ఇంటివాళ్ళ అలవాటు అడగలేదు. జాగ్రత్తలు పని చేసేవాడికి తెలిసిన భాషలో చెప్పలేదు. రెండు తప్పులూ నావి. మేస్త్రీ పనిలో లోపం లేదు. కింద నా సంతకం, తేదీ. శుక్రవారం రాసిన ఫారం మీద అడ్డగీత కొట్టి దాని పక్కన పెట్టాను.

తౌకే ఈసారి ప్రతి మాటా చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

“ముప్పై ఏళ్ళుగా వ్యాపారం చేస్తున్నాను. తప్పు నాది అని కాగితం మీద రాసిచ్చిన మొదటి మనిషివి నువ్వే. ఇప్పుడు నిన్ను పంపించెయ్యనా?”

“మీ ఇష్టం తౌకే.”

“నిన్ను ఎక్కడికని పంపను? ఇక్కడే ఇల్లు కొనుక్కున్నావు.” ఫారం సొరుగులో పడేశాడు. “దీన్ని ఫైల్లో పెట్టకు. మిగతావాళ్ళకి కూడా అలవాటవుతుంది.”

“మేస్త్రీ పర్మిట్?”

“రెన్యూ చేస్తాను లా. ఎందుకలా చూస్తావు? చేస్తానన్నాను కదా.” నేను తలుపు దాకా వెళ్ళాక వెనక్కి పిలిచాడు. “నీకు ఆ భాష వచ్చని నాకెందుకు చెప్పలేదు? నా దగ్గర అలాంటివాళ్ళు ఐదుగురున్నారు. చేతి సైగలతో చావలేకపోతున్నాను.”

పదమూడేళ్ళ క్రితం ఫోర్‌మాన్ మాట ఆయనకు గుర్తే లేదు. ఆ నియమం నేను ఒక్కదాన్నే మోశాను.

ఆ తర్వాత ప్రతి సైటులో కాగితం అంటించే ముందు చదివి వినిపించేదాన్ని, మన వాళ్ళకు మన భాషలో. తమిళ కూలీలు ఊరుకోలేదు, “మాకు చెప్పరా అక్కా?” అన్నారు. నా వంకర తమిళానికి నవ్వుకుంటూనే విన్నారు. చెప్పడం అయ్యాక “ఓకేనా?” అని అడగడం మానేసి, “ఏం చెప్పానో చెప్పు” అనేదాన్ని. మీరూ అలాగే అడగండి. ఓకే అని ఎవరైనా అంటారు.

నవంబరు 23న వెళ్ళి స్విచ్ వేశాను. డిసెంబరు 3, శుక్రవారం, పిల్ల బారసాల. మా ముగ్గురినీ పిలిచారు. పిల్ల తల్లి ఉత్త కాళ్ళతో ఆ గదిలో కూర్చుని ఉంది. పైన ఏసీ చల్లగా వీస్తోంది. “అరికాళ్ళు ఎలా ఉన్నాయమ్మా?” అని అడిగితే, “కాళ్ళకేం ఆంటీ, బానే ఉన్నాయి. మా అమ్మ నోరే వేడిగా ఉంది” అంది. అత్తగారు నన్ను పక్కకు లాగి, డబ్బా మీద అంకె ఇరవై తొమ్మిది డిగ్రీలు దాటడం లేదేమని నిలదీశారు. అంతకు మించి తిరక్కుండా నేనే లోపల అడ్డు బిగించానని చెప్పలేదు.

మేస్త్రీ గుమ్మం బయటే నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, తల మీద తువ్వాలు లేదు. “లోపలికి రావయ్యా, నువ్వు వేసిన నేలే” అని పెద్దావిడ పిలిస్తే, గడప దాటి వచ్చి, వంగి అరచెయ్యి ఆనించాడు. అలాగే చాలాసేపు ఉంచాడు. నేల వేసినవాడే గానీ అది వెచ్చబడ్డాక చూడడం అదే మొదలు.

“నూర్పులప్పుడు మాపటేల మా కళ్ళం ఇలాగే ఉంటాదమ్మా. అలాగే తొంగుంటాం.”

కాసేపటికి తల ఎత్తి అడిగాడు: “అమ్మా, ఒక సంగతి. ఏడి పైకే ఎందుకొస్తాది? కిందకి పోదా? కిందింటోల కప్పు ఏడెక్కదా?”

మూడు పరీక్షలు చేశాను, రెండు బొమ్మలు గీశాను, నాలుగు జాగ్రత్తలు రాశాను. కింది అంతస్తులో మనుషులున్నారన్న ఆలోచన నాకు రాలేదు. చాప కింద అట్ట పలకలు వేయమని కంపెనీ పుస్తకంలో ఉంది గనుక వేయించాను. అవి ఎంత వేడిని ఆపుతాయో, ఎంత కిందికి పోతుందో లెక్క వెయ్యలేదు. తౌకే అడగలేదు, ఇంటివాడు అడగలేదు.

“కొంత పోతుందయ్యా. ఎంతో తెలీదు. చూద్దాం, కూర్చో.”

ఇద్దరం ఆ వెచ్చని నేల మీద గోడకు ఆనుకుని కూర్చున్నాం. నోటుపుస్తకం తీసి, గీత గీసి, తేదీ వేశాను. లెక్క మొదలుపెట్టాలంటే ముందు ఈ ఇంటికీ కిందింటికీ మధ్య శ్లాబు మందం కావాలి. అది నాకు తెలియదు. అతనికి తెలుసు.